చైనా ప్యాలెస్ డ్రామాల్లో ముందు ఏది చూడాలి? చక్రవర్తిని ఎంతవరకు నమ్మగలరో చెప్పండి, ఏది చూడాలో నేను చెప్తా

పోయిన నెల మా పిన్ని కూతురు మెసేజ్ పెట్టింది, "అక్కా నువ్వెప్పుడూ చూస్తుంటావే ఆ చైనా రాణుల సీరియల్స్, అందులో మంచి లవ్ స్టోరీ ఒకటి చెప్పు, ఈ వీకెండ్ చూసేస్తా" అని. వీకెండ్‌లోనంట! నవ్వొచ్చింది నాకు, ఎందుకంటే వీటిలో చాలావరకు ముప్పై ఎపిసోడ్లు దాటేవే, పెద్దవైతే ఎనభై పైన, ఒక్కో ఎపిసోడ్ ముప్పావు గంట. ఇంకోటి ఏంటంటే "మంచి లవ్ స్టోరీ" అన్న మాట దగ్గరే ఆగిపోయా. ప్యాలెస్ డ్రామా అంటేనే ఒక మొగుడు, డజన్ల కొద్దీ పెళ్ళాలు, మధ్యలో అత్తగారు, చుట్టూ దాసీలు, నపుంసక సేవకులు, గోడకి చెవులు. అందులో ప్రేమ ఎవరికి దొరుకుతుంది, దొరికినదానికి ఎంత కట్టాల్సొస్తుంది, అదే కథంతా.

దానికి ఫోన్లో గంటసేపు చెప్పింది మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. ఆరు సిరీస్‌లు తీసుకున్నా. దేవలోకం, వెయ్యేళ్ళ శాపాలు, గాల్లో ఎగిరే కత్తులు ఉండే టైపు వేరే, వాటిని ఇందులో కలపలేదు. కథలో కొన్ని విషయాలు బయటపడతాయి, తప్పదు, అవి చెప్పకుండా పోల్చడం కుదరదు.

ముందు ఇవి తేల్చుకోండి

అందరూ ముందు హీరో బాగుంటాడా, బట్టలు బాగుంటాయా అని అడుగుతారు. బట్టలు అన్నిట్లోనూ బాగుంటాయండి, దాని గురించి బెంగ వద్దు. అసలు చూసుకోవాల్సింది ఒకటే పెద్దది, మిగతావి చిన్నవి.

పెద్దది: చక్రవర్తి మీకు ప్రేమికుడిలా కనపడాలా, బాస్‌లా కనపడాలా? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. చింగ్ వంశం (చైనాని చివరగా ఏలిన మంచూ జాతి రాజులు) కథల్లో ఒక సీన్ పదే పదే వస్తుంది. రాత్రి భోజనం టైముకి ఒక సేవకుడు పళ్ళెం పట్టుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. పళ్ళెంలో వరసగా చెక్క పలకలు, పైన ఆకుపచ్చ రంగు, ఒక్కో పలక మీద ఒక్కో రాణి పేరు. రాజుగారు ఏ పలక తిరగేస్తే ఆ రాత్రికి ఆమెకి పిలుపు. ఒంట్లో బాలేని ఆమె పలక పళ్ళెంలో ఉండదు. అంటే జలుబు చేస్తే మీ ప్రేమకథకి సెలవన్నమాట. ఇంకో రాణికి మీరంటే పడకపోతే వైద్యుడికి డబ్బులిచ్చి మీకు జబ్బు ఉందని చెప్పిస్తే చాలు, నెలల తరబడి మీ పేరు ఆ పళ్ళెంలోకి రాదు. అక్కడ నుంచి మీ వంటగదికి బొగ్గులు తగ్గుతాయి, వచ్చే అన్నం చల్లారిపోయి వస్తుంది, దాసీలు కూడా ఎదురు మాట్లాడతారు. ఈ సీన్ చూసి మీకు "అయ్యో పాపం ఎప్పుడు పిలుస్తాడో" అనిపిస్తే ఒక టైపు డ్రామాలు, "వీడు ఎవడండీ పలకలు తిప్పడానికి" అనిపిస్తే ఇంకో టైపు డ్రామాలు. నేను రెండో రకం.

చిన్నవి:

- ఎన్ని గంటలు పెట్టగలరు. పద్దెనిమిది గంటల సిరీస్ ఉంది, అరవై ఐదు గంటలది కూడా ఉంది.
- ఏడవడానికి రెడీగా ఉన్నారా. వీటిల్లో చాలావాటికి సుఖాంతం ఉండదు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు.
- హీరోయిన్ కొడితే తిరిగి కొట్టేది కావాలా, ఓర్చుకుని ఓర్చుకుని చివర్లో పగిలేది కావాలా.
- పేర్లు, హోదాలు గుర్తుపెట్టుకునే ఓపిక ఉందా. చింగ్ అంతఃపురంలో మహారాణి ఒక్కతే, ఆమె కింద హువాంగ్ గ్వీ ఫేయ్ ఒకరు, గ్వీ ఫేయ్ ఇద్దరు, ఫేయ్ నలుగురు, పిన్ ఆరుగురు, ఆ కింద గ్వీరెన్, చాంగ్‌జాయ్, దాయింగ్ అని ఎంతమందైనా. అచ్చం ఆఫీసులో గ్రేడ్ల లాగే. పైగా ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పిలుపు మారిపోతుంది, దాంతో నిన్నటి ఎపిసోడ్‌లో ఉన్నామె ఇవాళ ఇంకో పేరుతో వచ్చి కూర్చుంటుంది.

ఒక చూపులో

| సిరీస్ | ఏడాది | ఎపిసోడ్లు | సుమారు గంటలు | రాజు / హీరో ఎలాంటివాడు | ఏడుపు |
|---|---|---|---|---|---|
| ఎంప్రెసెస్ ఇన్ ద ప్యాలెస్ (జెన్ హువాన్) | 2011 | 76 | 57 | పక్కా బాస్ | మెల్లగా ఎక్కుతుంది |
| స్కార్లెట్ హార్ట్ | 2011 | 35 | 26 | ప్రేమికుడు, తర్వాత చక్రవర్తి అవుతాడు, అక్కడే చిక్కు | చాలా ఎక్కువ |
| స్టోరీ ఆఫ్ యాన్షీ ప్యాలెస్ | 2018 | 70 | 52 | కోపిష్టి, కానీ హీరోయిన్ ముందు ఆటలు సాగవు | మధ్యమధ్యలో |
| రూయీస్ రాయల్ లవ్ ఇన్ ద ప్యాలెస్ | 2018 | 87 | 65 | చిన్ననాటి ప్రేమ, మెల్లగా చెడిపోతాడు | లోలోపల |
| గుడ్‌బై మై ప్రిన్సెస్ | 2019 | 50 పైన | 40 దాకా | మోసగాడు, నిజంగానే ప్రేమిస్తాడు కూడా | టిష్యూ డబ్బా |
| ద రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్ | 2020 | 24 | 18 | అల్లరివాడు | దాదాపు లేదు |

జెన్ హువాన్: ప్రేమ అనుకుని వెళ్తే ఉద్యోగం దొరికింది

ఈ మొత్తం జానర్‌కి పెద్దక్క ఇదే. యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలం, అంటే 1722లో గద్దెనెక్కి 1735లో పోయిన రాజు. హీరోయిన్ జెన్ హువాన్‌గా సున్ లీ చేసింది, ఛెన్ జియాన్‌బిన్ రాజు. ఈ పాత్రకి సున్ లీకి ఇంటర్నేషనల్ ఎమ్మీ నామినేషన్ కూడా వచ్చింది.

ఇది నేను మా అమ్మతో కలిసి చూశా. అమ్మకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ అంత స్పీడుగా చదవడం రాదు, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ పోయా, పేర్లు నోరు తిరక్క అమ్మ తనే పేర్లు పెట్టుకుంది. రాజుకి బాగా ఇష్టమైన రాణి హువా ఫేయ్ "గోళ్ళావిడ", చిటికెన వేలికి ఉంగరం వేలికి పొడుగాటి బంగారు తొడుగులు ఉంటాయి కదా, అందుకు. మహారాణి "నవ్వులావిడ", ఎందుకంటే ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, ఎవరికి కడుపు పోయినా నవ్వుతూనే ఉంటుంది. పది ఎపిసోడ్లు అయ్యాక అమ్మ అంది, "ఇది మన పెద్దమ్మ వాళ్ళ ఇల్లేనే, కాకపోతే గోడలు ఎర్రగా ఉన్నాయి" అని. నేను ఈ డ్రామా గురించి చదివిన వాటిలో ఇంతకంటే మంచి రివ్యూ లేదు.

ప్రేమ సంగతికి వస్తే, మొదట్లో నిజంగానే ప్రేమలా ఉంటుంది. తోటలో వేణువు, వెన్నెల, ఆయనెవరో తెలియక మాటలు కలపడం, అన్నీ ఉన్నాయి. తర్వాత తెలుస్తుంది, ఆమె ముఖం రాజుగారి చనిపోయిన మొదటి మహారాణిని గుర్తుచేస్తుందని, ఆయన ప్రేమంతా ఆ పోలిక మీద కట్టిన మేడ అని. ఇంక గోళ్ళావిడ కథ అయితే ఇంకా దారుణం. ఆమెకి మాత్రమే అని రాజు ప్రత్యేకంగా ఒక ధూపం తయారుచేయించి ఇస్తాడు, అంతఃపురంలో ఇంకెవరికీ ఇవ్వడు, అదే తన మీద ప్రేమకి గుర్తు అనుకుని ఆవిడ రోజూ వేసుకుంటుంది. ఆ ధూపంలో కస్తూరి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా. ఎందుకంటే ఆమె అన్న నియాన్ గెంగ్యావో పెద్ద సేనాధిపతి, ఆ ఇంటి రక్తంతో కొడుకు పుడితే సింహాసనానికే ఎసరు. (నియాన్ గెంగ్యావో నిజంగా ఉన్న మనిషే, 1726లో చక్రవర్తి ఆజ్ఞ మీద ఆత్మహత్య చేసుకున్నాడు.) చూడండి, ఆమెంటే రాజుకి ఇష్టం లేదా అంటే ఉంది, సిరీస్‌లో అది కళ్ళకి కనపడుతుంది. ఇష్టం ఉంది, ధూపమూ ఉంది, రెండూ ఒకే చేత్తో ఇచ్చాడు. ఇలాంటిది ఇంకే డ్రామాలోనూ నాకు దొరకలేదు.

నిజమైన రొమాన్స్ ఇందులో చక్రవర్తితో కాదు, ఆయన తమ్ముడు పదిహేడో రాకుమారుడితో. అది ఎలా ముగుస్తుందో చెప్పను.

మైనస్ ఏంటంటే మొదటి ఎనిమిది తొమ్మిది ఎపిసోడ్లు నెమ్మది, మాటలన్నీ తేనె పూసిన కత్తుల్లా ఉంటాయి, ఫోన్ చూసుకుంటూ చూస్తే ఏమీ అర్థం కాదు. వంట చేస్తూ చూసే సిరీస్ కాదిది. ఇంకో జాగ్రత్త, 2015లో అమెరికా కోసం దీన్ని గంటన్నర చొప్పున ఆరు భాగాలుగా కత్తిరించారు, అది చూసి "ఏముంది ఇందులో" అనుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. 76 ఎపిసోడ్లదే చూడండి, లేకపోతే వదిలేయండి.

యాన్షీ, రూయీ: ఒకే రాజు, ఒకే రాణులు, రెండు తీర్పులు

ఈ రెండిటినీ విడివిడిగా చెప్పడం వేస్ట్, కలిపే చెప్పాలి. రెండూ 2018లోనే వచ్చాయి, నెల తేడాలో, యాన్షీ జూలైలో, రూయీ ఆగస్టులో. రెండిట్లోనూ రాజు యోంగ్‌జెంగ్ కొడుకు చియాన్‌లోంగ్. మనుషులు కూడా వాళ్ళే. కానీ యాన్షీలో హీరోయిన్ అయిన, వేయ్ అనే ఇంటిపేరున్న దాసీపిల్ల, రూయీలో విలన్! యాన్షీలో చివరికి అందరి మీదా కుట్రలు చేసే నారా రాణి, రూయీలో హీరోయిన్! యాన్షీలో వెన్నపూస లాంటి మనసున్న ఫూచా మహారాణి, రూయీలో కొంచెం బిగుసుకుపోయిన, సవతి పొడ గిట్టని ఇల్లాలు. దుర్యోధనుడిని హీరోని చేసిన సినిమా చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మనకి ఇది కొత్తేం కాదు, కానీ ఒకే ఏడాదిలో ఒకే కుటుంబాన్ని రెండువైపుల నుంచీ చూపించడం మాత్రం వింతే. ఇంకో తమాషా, 1998లో చైనాని ఊపేసిన మై ఫెయిర్ ప్రిన్సెస్‌లో ఇదే వేయ్ రాణి, లింగ్ ఫేయ్ పేరుతో, అందరినీ ఆదుకునే మంచి తల్లి. పాపం ఆవిడకి ఇరవై ఏళ్ళలో మూడు వేషాలు పడ్డాయి.

యాన్షీ సంగతి. వేయ్ యింగ్‌లువో తన అక్క ఎలా చచ్చిపోయిందో కనిపెట్టడానికి కుట్టుపని దాసీగా రాజభవనంలోకి వస్తుంది. మొదట్లోనే ఒక సీన్ ఉంటుంది. మహారాణి పుట్టినరోజు బట్టకి వాడాల్సిన నెమలి ఈకల దారం ఎవరో కొట్టేస్తారు, తెల్లారితే తల పోయే పరిస్థితి, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ పిల్ల జింక తోక వెంట్రుకలతో దారం చేసి కుట్టేసి, మహారాణి ముందు నిలబడి అదేదో కావాలనే చేసినట్టు దానికి ఒక అర్థం కూడా చెప్పేస్తుంది. డెబ్బై ఎపిసోడ్లూ ఇదే స్పీడు. ఒకరు దెబ్బ కొడతారు, రెండు ఎపిసోడ్లలో యింగ్‌లువో వడ్డీతో సహా తిరిగి ఇచ్చేస్తుంది. సహనం లేని నాలాంటి వాళ్ళకి ఇది పండగ. వూ జిన్‌యాన్ హీరోయిన్, నియే యువాన్ రాజు, చిన్ లాన్ ఫూచా మహారాణి. 2018లో గూగుల్‌లో ప్రపంచవ్యాప్తంగా జనం ఎక్కువ వెతికిన టీవీ షోల లిస్టులో ఇదే ఫస్ట్.

చూడ్డానికి కూడా కళ్ళకి హాయి. ఎరుపు, పసుపు దంచికొట్టకుండా కొంచెం బూడిద కలిపిన రంగులు వాడారు, ఎంబ్రాయిడరీ, పట్టుతో చేసే తలపువ్వుల లాంటి పాత చేతిపనులు వెతికి పెట్టారు, ఒక్కో చెవికి మూడేసి కమ్మలు పెట్టుకునే మంచూ పద్ధతి కూడా పాటించారు. మా అమ్మ కథ వదిలేసి చెవులు లెక్కపెట్టింది.

ప్రేమ మాత్రం? ఇక్కడ గొడవుంది. యింగ్‌లువోకి మొదట మనసైనవాడు మహారాణి తమ్ముడు ఫూహెంగ్, మంచివాడు, అందగాడు. ఆమె చివరికి చేరేది రాజు దగ్గర. కొందరికి ఇది అన్యాయం, ఇప్పటికీ ఫూహెంగ్ కోసం ఏడుస్తూనే ఉంటారు. నాకు మాత్రం ఇందులో అసలు ప్రేమకథ యింగ్‌లువోకీ ఫూచా మహారాణికీ మధ్యది అనిపిస్తుంది, అక్కాచెల్లెళ్ళ ప్రేమ, చదువు నేర్పిన ప్రేమ. రాజుగారు అందులో అతిథి పాత్ర.

రూయీ దీనికి పూర్తిగా ఆపోజిట్. జౌ షున్, వాలెస్ హువో. చిన్నప్పుడు కలిసి నాటకాలు చూసిన ఇద్దరు, పెళ్ళి చేసుకుంటారు, అతను రాజవుతాడు, ఆ రోజు నుంచి ఆ ప్రేమ రోజుకి కొంచెం చొప్పున అరిగిపోతుంది. ఒక్కరోజులో ఎవరూ మోసం చేయరు. ఒక అనుమానం, ఒక మౌనం, "నేను నిన్ను నమ్ముతున్నా కానీ" అనే ఒక మాట. పెళ్ళయి పదేళ్ళు దాటినవాళ్ళు ఇది చూస్తే కొన్ని చోట్ల టీవీ ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడతారు, నేను నిలబడ్డా. మొదటి ఎపిసోడ్లలో పదిహేనేళ్ళ పిల్లగా నలభై దాటిన జౌ షున్‌ని చూడ్డం కష్టమే, ఒప్పుకుంటా, కానీ నలభయ్యో ఎపిసోడ్ తర్వాత ఆ వయసే ఆమెకి బలం అవుతుంది. ఆ అలసట మేకప్‌తో రాదు.

రెండిట్లో ఏది? తిరగబడే హీరోయిన్, ఎపిసోడ్‌కో గెలుపు కావాలంటే యాన్షీ, కళ్ళు మూసుకుని. పెళ్ళి గురించి సినిమా కావాలంటే రూయీ. రెండూ చూస్తానంటే ముందు యాన్షీ, తర్వాత రూయీ, ఈ ఆర్డర్ మార్చకండి. రూయీ ముందు చూస్తే యాన్షీలో ఆ దాసీపిల్లని చూడగానే ఒళ్ళు మండుతుంది, ఆమె తప్పేం లేకపోయినా.

స్కార్లెట్ హార్ట్: ఎవరు గెలుస్తారో ముందే తెలుసు

కొత్తవాళ్ళకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే, 35 ఎపిసోడ్లే కాబట్టి. ఇప్పటి కాలపు ఆఫీసు అమ్మాయి యాక్సిడెంట్‌లో స్పృహ తప్పి లేచి చూస్తే యోంగ్‌జెంగ్ తండ్రి కాంగ్షీ చక్రవర్తి కాలంలో రువోషీ అనే అమ్మాయి ఒంట్లో ఉంటుంది. లియు షీషీ చేసింది. ఆమె అక్క ఎనిమిదో రాకుమారుడి భార్య. చుట్టూ రాకుమారులు, అందరికీ సింహాసనం మీదే కన్ను. ఈ అమ్మాయికి చరిత్ర తెలుసు, నాలుగోవాడే గెలిచి యోంగ్‌జెంగ్ అవుతాడని తెలుసు, ఎనిమిదోవాడి గతి ఏమవుతుందో తెలుసు. తెలిసి ఏం లాభం, మనసు ముందు ఎనిమిదో ఆయన దగ్గరకే పోతుంది, తర్వాత నాలుగో ఆయన దగ్గరకి. అడకత్తెరలో పోకచెక్క.

దీని గొప్పతనం ఏంటంటే హీరోయిన్ మనలాంటిదే. మొదట్లో అక్కడి పద్ధతులు ఆమెకీ తెలియవు మనకీ తెలియవు, ఆమెతోపాటే నేర్చుకుంటాం, టీ ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి ఏ కప్పు, ఎప్పుడు మోకాళ్ళ మీద పడాలి. అందుకే పేర్లూ హోదాలూ అంటే భయపడేవాళ్ళకి ఇదే మంచి మెట్టు. ఒక్క షాక్ మాత్రం ఉంటుంది, హీరోలందరికీ ముందుభాగం గుండు, వెనక జడ. చింగ్ కాలంలో మగాళ్ళందరికీ అదే రూలు. మొదటి రెండు ఎపిసోడ్లు "ఈ గుండాయనా హీరో" అనిపిస్తుంది, మూడోదానికి అలవాటైపోయి, ఐదోదానికి ఆయన కోసమే చూస్తారు. గుండు కుదరదంటే కొరియా వాళ్ళు 2016లో తీసిన రీమేక్ ఉంది, 20 ఎపిసోడ్లు, పొడుగు జుట్టు, లీ జూన్‌గీ. అది బాగుంటుంది కానీ చివర్లో ఉరుకులు పరుగులు. చైనాది మనిషిని మెల్లగా విరుస్తుంది.

పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉన్న వారంలో మాత్రం ముగింపు చూడొద్దు.

గుడ్‌బై మై ప్రిన్సెస్, టైగర్ అండ్ రోజ్: ఒకటి విషం, ఒకటి పంచదార

గుడ్‌బై మై ప్రిన్సెస్‌లో రాజ్యాలన్నీ కల్పితమే. ఎడారి రాజ్యం రాకుమారి షియావోఫెంగ్ ఒక టీ వ్యాపారిని ప్రేమిస్తుంది, వాడు మారువేషంలో వచ్చిన శత్రు రాకుమారుడు, ఆమె తాతగారి తెగని నేలమట్టం చేస్తాడు. ఇద్దరూ మరపు నదిలో దూకి అన్నీ మర్చిపోతారు, తర్వాత ఆమెనే తెచ్చి వాడికే కట్టబెడతారు. ఆమెకి ఏమీ గుర్తు లేదు, మనకి అన్నీ గుర్తున్నాయి. అన్ని ఎపిసోడ్లూ ఆ నరకమే. నా ఫ్రెండ్ ఒకతి దీన్ని మూడుసార్లు చూసింది, ఆమెని నేను అర్థం చేసుకోలేకపోయా. ఏడ్చి తేలికపడదామనుకునేవాళ్ళకి దీన్ని మించింది లేదు. "వాడు మారతాడు" అనే ఆశతో చూసేవాళ్ళకి వద్దు.

టైగర్ అండ్ రోజ్ అయితే ఒక స్క్రిప్ట్ రైటర్ తను రాసిన కథలోనే ఇరుక్కుపోతుంది, అదీ మూడో ఎపిసోడ్‌లో చచ్చిపోవాల్సిన చిన్న పాత్రగా. ఆ ఊళ్ళో ఆడవాళ్ళదే రాజ్యం, మగాళ్ళు సిగ్గుపడుతూ ఇంట్లో ఉండాలి. కట్నాలూ పెళ్ళిచూపులూ తిరగేసినట్టు ఉంటుంది, మనకి ఇంకొంచెం ఎక్కువ నవ్వొస్తుంది. లోతు అడగొద్దు. మా చెల్లికి వీకెండ్‌లో అయిపోవాలంది కదా, దానికి ఇదే ఇచ్చా.

ఎవరికి ఏది

అత్తాకోడళ్ళ సీరియల్స్ చూసే అమ్మలతో కలిసి చూడాలంటే జెన్ హువాన్ లేదా యాన్షీ. మనవాళ్ళకి సవతి పోరు ఎవరూ నేర్పక్కర్లేదు, పైగా మన సీరియల్స్ లాగా ఏళ్ళ తరబడి సాగదు, 76కి ఆగుతుంది, అది అమ్మకి నమ్మశక్యం కాలేదు.

కొరియన్ డ్రామాలు చూసి చూసి ఇటు వస్తున్నవాళ్ళు స్కార్లెట్ హార్ట్‌తో మొదలుపెట్టండి. పదహారు ఎపిసోడ్లకి అలవాటు పడ్డ ప్రాణానికి 87 ఒక్కసారే ఎక్కవు.

బహుభార్యత్వం చూస్తేనే కడుపు మండేవాళ్ళకి అసలు అంతఃపురమే వద్దు, ద స్టోరీ ఆఫ్ మింగ్లాన్ చూడండి. 2018 చివర్లో మొదలైంది, జావో లీయింగ్ హీరోయిన్, సాంగ్ వంశం కాలంలో ఒక ఉద్యోగి ఇంటి కథ. అక్కడ కూడా చిన్నిల్లూ పెద్దిల్లూ గొడవలున్నాయి, ఎక్కువగా హీరోయిన్ పుట్టింట్లో, కానీ తర్వాత ఆమెకి దొరికే మొగుడు మిగతా అన్ని డ్రామాల రాజులకీ చెంపపెట్టు. ఇది లిస్టులో పెట్టకపోవడానికి కారణం ఒకటే, రాజభవనం కాదు. లేకపోతే మొదటి ప్లేస్ దీనిదే అనేవాళ్ళు చాలామంది.

చరిత్ర కోసం చూసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, హోదాలు, భవనాల పేర్లు, చక్రవర్తుల క్రమం చాలావరకు నిజం, కుట్రలు మాత్రం రాసినవాళ్ళ కల్పన. జెన్ హువాన్ నవలలో రాజ్యమే కల్పితం, టీవీకి తెచ్చేటప్పుడు యోంగ్‌జెంగ్ కాలానికి అతికించారు. ఆ ఎర్ర గోడలు కూడా చాలాసార్లు బీజింగ్‌వి కాదు, జెజియాంగ్ రాష్ట్రంలో హెంగ్‌డియన్ అనే చోట కట్టిన సినిమా నగరంలో నకలు. మన రామోజీ ఫిల్మ్ సిటీ లాంటిదే, రాజభవనం ఇంకా పెద్దది.

ఇంకో మాట, 2019 జనవరిలో బీజింగ్ పత్రిక ఒకటి ఈ డ్రామాలు విలాసాన్నీ కుట్రల్నీ గొప్పగా చూపిస్తున్నాయని ఏకిపారేసింది, దాంతో అక్కడి టీవీ ఛానళ్ళు యాన్షీ లాంటి వాటి పునఃప్రసారాలు ఆపేశాయి. కాబట్టి యాన్షీ, రూయీ లాంటి భారీ చింగ్ అంతఃపురం మళ్ళీ అంత తేలిగ్గా రాదు. ఉన్నవాటిని నెమ్మదిగా చూసుకోండి.

చూసే ముందు

యూట్యూబ్‌లో చాలావాటికి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో అధికారిక ఛానళ్ళున్నాయి, వికీ (Viki) అనే డ్రామాల యాప్ కూడా చూడండి. చైనా డ్రామాలొచ్చే వీటీవీ (WeTV) యాప్ మాత్రం 2020 నవంబర్‌లో మన దగ్గర బ్యాన్ అయిన 43 యాప్స్‌లో ఉంది, అమెరికాలో ఉన్న చుట్టాలు "వీటీవీలో చూడు" అంటే మీకు దొరక్కపోవడానికి కారణం అదే. డబ్బింగ్ కంటే సబ్‌టైటిల్సే మేలు నా లెక్కలో, ఎందుకంటే ఈ కథల్లో సగం ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు అన్నదాంట్లో ఉంది. నిన్నటిదాకా "చెల్లీ" అన్నది ఇవాళ "నియాంగ్‌నియాంగ్" (రాణిగారూ) అందంటే మధ్యలో ఏదో జరిగిందన్నమాట. ఇరవై ఎపిసోడ్ల తర్వాత మీరే ఇంట్లో "హువాంగ్ షాంగ్ (మహాప్రభూ), టీ తాగుతారా" అని అడగడం మొదలుపెడతారు, మా ఇంట్లో హువాంగ్ షాంగ్‌కి ఇది అస్సలు నచ్చలేదు.

మొదటి మూడు ఎపిసోడ్లూ ఒక కాగితం పెట్టుకుని పేర్లు రాసుకోండి. మా అమ్మలా ముద్దుపేర్లు పెట్టుకున్నా పర్లేదు, పనిచేస్తుంది.

అమ్మతో రూయీ అయిపోయింది మొన్నే. అంతా అయ్యాక అడిగింది, "యాన్షీలో ఈవిడే కదా దుర్మార్గురాలు, ఇందులో మంచిది, అసలు నిజం ఏది?" అని. నేను చెప్పా, నిజంగా నారా మహారాణి అనే ఆవిడ ఉందమ్మా, 1765లో రాజుతో దక్షిణ యాత్రకి వెళ్ళి అక్కడ తన జుట్టు తనే కోసేసుకుంది, మంచూ ఆచారంలో రాజో రాజమాతో పోతే తప్ప జుట్టు కోసుకోకూడదు, అంటే బతికున్న మొగుడికి చావు చెప్పినట్టు. మరుసటి ఏడాది పోయింది. మహారాణి మర్యాదలు లేకుండా ఇంకో రాణి సమాధిలోనే పక్కన పెట్టేశారు. ఎందుకు కోసుకుందో ఎక్కడా రాసిపెట్టలేదు, ఆ ఖాళీలోనే ఈ రెండు సిరీస్‌లూ అల్లారు.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రిమోట్ నా చేతికిచ్చి, "ఆ యాన్షీ మళ్ళీ పెట్టు, ఈవిడ ఎక్కడ చెడిపోయిందో ఈసారి సరిగ్గా చూస్తా" అంది. ఇప్పుడు ఎపిసోడ్ నాలుగులో ఉన్నాం, నెమలి దారం పోయింది.